కొండను నదికిచ్చిన ఊరు

ఏటా వానాకాలంలో నాలుగైదు రోజులపాటు గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న ఊరి పేరు వినపడుతుంది. భద్రాచలం దగ్గర నది 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే చాలు, దిగువన కోనసీమ లంకల్లో ఉన్నవాళ్లు, గట్టు పక్క ఊళ్లవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ధవళేశ్వరం దగ్గర ఎంతుంది? అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు, రెండోదానికి 13 లక్షలు, మూడోదానికి 17 లక్షలు సముద్రం వైపు పోతున్నాయని లెక్క. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. రెండు పెద్ద బిందెల నీళ్లు అనుకుంటే, అలాంటివి రెప్పపాటులో లక్షలకు లక్షలు దొర్లిపోతున్నాయన్నమాట. ఆ అంకె పెరిగేకొద్దీ లంకల్లో ముందు పశువులను గట్టు మీదికి తోలతారు, తర్వాత మనుషులే గట్టెక్కుతారు. వరద తీసిందంటే మళ్లీ వచ్చే ఏడాదిదాకా ఆ ఊరి పేరుతో ఎవరికీ పని పడదు.

అంకె కాకపోతే విగ్రహం. ధవళేశ్వరం అనగానే మనకు గుర్తొచ్చే రెండో సంగతి, అక్కడ గోదావరికి అడ్డంగా ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. ఏటా మే 15న ఆయన జయంతికి రైతులు పూలదండలు వేస్తారు. డెల్టాలో కొందరు పురోహితులు స్నాన సంకల్పంలో ఆయనను భగీరథుడితో పోల్చి తలుచుకుంటారు. ఈ కృతజ్ఞత నిజమైనది, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. కానీ ఒక ఊరి చరిత్రను ఒక మనిషి కథగానే చెప్పుకుంటూ వచ్చినందువల్ల ఆ ఊరి భూగోళం మన కళ్ల ముందు నుంచి తప్పుకుంది. ఆనకట్ట అక్కడే ఎందుకు వచ్చింది, ఆరేడు కిలోమీటర్ల ఎగువన రాజమహేంద్రవరం మహానగరమై కూర్చుంటే ధవళేశ్వరం చిన్న ఊరుగానే ఎందుకు మిగిలింది, ఇవాళ డెల్టాకు వస్తున్న కష్టాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి: ఈ మూడు ప్రశ్నలకూ జవాబు మనిషి కన్నా ముందు నేలలో ఉంది. రాయి, ఇసుక, వాలు, లంకలు, నది వెడల్పు, వీటిలో ఉంది.

ముందు నేల చూద్దాం. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి, దేశంలో దాదాపు పదో వంతు నేల మీద పడిన వానను మోసుకొస్తుంది. పాపికొండల మధ్య అంత నదీ ఇరుకు సందులో ఒదిగి, పోలవరం దగ్గర కొండలు వదిలాక ఒళ్లు విరుచుకుంటుంది. రాజమహేంద్రవరం దగ్గర ఒడ్డు నుంచి ఒడ్డుకు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అక్కణ్ణుంచి కొంచెం దిగువకు వచ్చి ధవళేశ్వరం చేరేసరికి, మధ్యలో లంకలతో కలుపుకుని ఆరు కిలోమీటర్ల దాకా విస్తరిస్తుంది. ఇక్కడే అది గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఎడమ ఒడ్డున ఎర్రటి ఇసుకరాతి గుట్టలు, వాటిలో ఒకదాని మీద జనార్దనస్వామి ఆలయం. ఈ గుట్టలు దాటాక సముద్రం దాకా కొండన్నది లేదు, చేత్తో తీసి చూపించడానికి గట్టి రాయి కూడా లేదు. ఉన్నదంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. అంటే కొండల దేశం ముగిసి ఒండ్రు దేశం మొదలయ్యే గడప ఇది. డెల్టాలో నదీపాయలు కాలక్రమంలో పడక మార్చుకుంటాయి, కొత్త పాయ తీస్తాయి, పాతదాన్ని పూడ్చేస్తాయి. చీలిక మొదలయ్యే మెడ దగ్గర మాత్రం ఒక ఒడ్డున రాయి కాపు కాస్తోంది కాబట్టి అది నిలకడగా ఉంది. ఆ కాపు కాసే రాయి పక్కన వెలసిన ఊరే ధవళేశ్వరం.

ఆ రాతిని కాస్త దగ్గరగా చూడాలి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని రాజమండ్రి ఇసుకరాయి అంటారు. ముక్క చేతిలోకి తీసుకుంటే ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. గోటితో గీస్తే కొన్నిచోట్ల రేణువులు రాలతాయి. పొరలు పొరలుగా ఉండి, కొన్ని పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఒరిగి కనిపిస్తాయి. మధ్య మధ్య నున్నగా అరిగిన తెల్లటి పలుగురాళ్లు, గోళీకాయంత నుంచి కోడిగుడ్డంత వరకు. రాయి అలా గుండ్రంగా అరగాలంటే పారే నీళ్లు దాన్ని చాలాదూరం దొర్లించాలి. పొర అలా ఏటవాలుగా పడాలంటే ప్రవాహం ఇసుకను నెట్టుకుంటూ వచ్చి ఒరుగుగా పోయాలి. ఇవన్నీ లక్షల ఏళ్ల నాటి నది తెచ్చి పోసిన ఇసుక గట్టిపడి రాయైన ఆనవాళ్లు. పాత నది వదిలిపోయిన ఇసుకే కొండ అయింది, ఆ కొండనే పగలగొట్టి తెచ్చి నేటి నదికి అడ్డంగా పేర్చారు. ధవళేశ్వరం చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే సంగతి ఇదే.

ఆనకట్టకు ముందు ఈ డెల్టా ఎలా ఉండేదో ఇవాళ్టి పచ్చదనం చూసి ఊహించడం కష్టం. 1821లో నాటి రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308 అని లెక్క తేలింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1841లో అది 5,61,041. నలుగురిలో ఒకరు లెక్కలోంచి పోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లు విడిచి వెళ్లిపోయారు. ఈ మధ్యకాలంలోనే నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది, పెద్దలు తరాలపాటు తలుచుకున్న డొక్కల కరువు అదే. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. కోరంగి నుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కోరంగీలు అనేవారంటే, ఇక్కడి మనుషులు బతుకు తెరువు కోసం ఆ రేవు మీద ఎంతగా ఆధారపడ్డారో తెలుస్తుంది. ఇదంతా గోదావరి నిండుగా పారుతుండగానే జరిగింది. ఏటా వానాకాలంలో ఊళ్లు ముంచేటన్ని నీళ్లు కళ్లముందు సముద్రంలోకి పోయేవి. వాన తప్పిన ఏడు ఆ ఒడ్డునే పైరు ఎండి, మనుషులు మలమల మాడిపోయేవారు.

నీళ్లుండీ కరువెందుకు? ఇదీ భూగోళమే. నది ఒండ్రు పోస్తూ పోస్తూ తన ఒడ్లను తానే ఎత్తు చేసుకుంటుంది. డెల్టాలో నది గట్టు మీద పారుతుంది, చేలు దానికి అవతల పల్లంలో ఉంటాయి. ఒడ్డు దాటించగలిగితే చాలు, నీరు తనంతట తానే సముద్రం దాకా జారుకుంటూ పోతుంది. కానీ వరద రోజుల్లో తప్ప నది మట్టం ఒడ్డుదాకా రాదు. వరద రోజుల్లో వచ్చేది సాగునీరు కాదు, ముంపు. కావలసిందల్లా నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి, ఆ లేచిన నీటిని డెల్టా మెడ దగ్గరే కాలువల్లోకి మళ్లించడం. 1840ల్లో జిల్లా దుస్థితి మీద విచారణ జరిపిన హెన్రీ మాంట్‌గోమరీ, ఆయన తర్వాత 1844, 1845ల్లో రెండు నివేదికలు రాసిన కాటన్ వాదించింది ఇదే. 1846 చివర్లో లండన్ నుంచి అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది, 1852లో ముగిసింది.

ఆ మెడ దగ్గర ఎక్కడ కట్టాలి? నది ఇరుకుగా ఉన్నచోట కడితే పని తక్కువ, ఖర్చు తక్కువ అని ఎవరికైనా ముందు తోస్తుంది. కాటన్ ఎంచుకున్నది అందుకు తలకిందులు: నది అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోటు. కారణం కింద ఉన్న ఇసుక. ఇక్కడ పడకలో పునాది ఆనడానికి రాయి దొరకదు. ఇరుకు చోట వరద లోతుగా, వడిగా పారుతుంది, ఇసుక మీది కట్టడాన్ని అడుగు కోసేస్తుంది. వెడల్పు చోట అదే వరద పలచగా పరుచుకుంటుంది, గోడ మీంచి తక్కువ మందంతో, తక్కువ బలంతో దూకుతుంది. పైగా ఇక్కడ నదిని పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంకలు నాలుగు పాయలుగా విడదీశాయి: ధవళేశ్వరం పాయ, ర్యాలి పాయ, మద్దూరు పాయ, విజ్జేశ్వరం పాయ. ఒక పాయలో పని నడుస్తుంటే నీరు మిగతా పాయల్లోంచి పోతుంది. ఆరు కిలోమీటర్ల నదికి గాను రాతి కట్టడం అవసరమైంది మూడున్నర కిలోమీటర్లకు పైచిలుకు మాత్రమే, మిగతా అడ్డు లంకలే కాశాయి. రాయి ఎక్కణ్ణుంచో తేనక్కర్లేదు, ఒడ్డునే కొండ ఉంది. కొండ నుంచి నది దాకా పట్టాలు వేసి వాటి మీద రాళ్ల బండ్లు నడిపారు. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడవక ముందే ధవళేశ్వరంలో ఇనుప పట్టాల మీద చక్రాలు తిరిగాయి. సుమారు 10 వేల మంది కూలీలు, వందల మంది వడ్రంగులు, కమ్మరులు పనిచేశారు. ఇంతమందిని కూడగట్టి పని నడిపించడంలో కాటన్ దగ్గర పనిచేసిన వీణెం వీరన్న పాత్ర ఎంతో పెద్దది. కాటన్ కూడా ఆ సంగతి ఒప్పుకున్నాడు. ఆనకట్ట అంటే ఒక కొండ ముక్కలు ముక్కలై, వేలమంది తలల మీదుగా, బండ్ల మీదుగా నదిలోకి నడిచి వెళ్లడమే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. కొండ, లంకలు, వాలు వెయ్యేళ్లుగా అక్కడే ఉన్నాయి కదా, చాళుక్యులు చూశారు, రెడ్లు చూశారు, గజపతులు, గోల్కొండ నవాబులు చూశారు. ఎవరూ కట్టలేదే? భూగోళం ఒక్కటే చాలదు, దాన్ని చదివే మనిషి కావాలి కదా? కావాలి. అందులో సందేహం లేదు. అయితే ఆ మనిషి చదువు ఎక్కడ నేర్చాడో కూడా చెప్పుకోవాలి. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విద్య కాటన్‌కు ఇంగ్లండులో దొరకలేదు. కావేరి మీద, కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. బండరాళ్లు ఇసుకలో దిగినంత దిగనిచ్చి, ఇక దిగవన్నప్పుడు వాటి మీద కట్టడం ఆ పాత పద్ధతి. ఆ విద్యతోనే 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు నిలబెట్టాడు, ఆ అనుభవంతోనే గోదావరికి వచ్చాడు. ఈ రుణాన్ని ఆయన దాచుకోలేదు, రాతపూర్వకంగానే ఒప్పుకున్నాడు. పేరు మిగలని తమిళ కట్టుబడి పనివాళ్ల తెలివి, ధవళేశ్వరం కొండ రాయి, గోదావరి జిల్లాల కూలీల కండ, వీటిని ఒక చోటికి చేర్చిన ఇంజనీరు. నాలుగో పేరొక్కటే చెప్పి మిగతా మూడూ వదిలేస్తే కథ సగమే అవుతుంది.

చోటు, పునాది ఎంత ముఖ్యమో తెలియాలంటే అదే కాలంలో ఈజిప్టులో జరిగింది చూడాలి. కైరో దిగువన నైలు నది రొసెట్టా, డమియెట్టా పాయలుగా చీలే చోట, అంటే సరిగ్గా ఆ దేశపు ధవళేశ్వరం దగ్గర, 1840ల్లోనే ఫ్రెంచి ఇంజనీరు మూజెల్ ఆధ్వర్యంలో బ్యారేజీ మొదలైంది. అంతకు ముందు రాయి కోసం పిరమిడ్లనే కూల్చాలని పాలకుడు మహమ్మద్ అలీ తలపెట్టాడని, గని నుంచి తవ్వి తేవడమే చవక అని అప్పటి ఇంజనీరు లెక్కగట్టి చెప్పి ఆపాడని అంటారు. 1860ల మొదట్లో కట్టడం ముగిసింది, చూడటానికి కోటలా ఉంది, కానీ నీటిని నిలబెట్టబోతే పునాది కదిలి బీటలు వచ్చాయి. పాతికేళ్లపాటు అది నది మీద అలంకారంగా నిలబడింది. చివరికి భారతదేశంలో కాలువల పనిలో ఆరితేరిన స్కాట్ మాంక్రీఫ్ వెళ్లి, 1890 నాటికి దాన్ని బాగుచేసి పనికి తెచ్చాడు. ధవళేశ్వరం ఆనకట్ట కోటలా లేదు, బారుగా, పొట్టిగా, ముతకగా ఉంది. కట్టిన ఏటి నుంచే నీళ్లిచ్చింది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఈస్టిండియా కంపెనీ ఆనకట్ట కట్టింది ప్రజల మీద ప్రేమతో కాదు, పడిపోయిన శిస్తును లేపుకోవడానికి. అలాంటప్పుడు ఈ పూలదండలెందుకు? శిస్తు కోసమే కట్టారన్నది నిజం. విచారణకు మాంట్‌గోమరీని పంపింది రాబడి తగ్గినందుకే, కాటన్ తన పైవాళ్లను ఒప్పించడానికి చూపించిందీ లాభం లెక్కే. నీటి తీరువా పేరుతో ఆ లాభం వసూలైంది కూడా. కానీ కట్టినవాడి మనసులో ఏముందో చూసి కాలువలో నీరు పారదు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన మహా కరువులో గోదావరి డెల్టా ఆకలి చావులకు దూరంగా ఉండి, పక్క జిల్లాలకు గింజలు పంపగలిగింది. ఆ గింజ తిన్నవాడికి కంపెనీ ఉద్దేశంతో పనేముంది? నా మటుకు నేను ఈ అభ్యంతరం నుంచి తీసుకునేది మరొకటి. దొరగారి దయ అనే మాట పక్కన పెడితే, మిగిలేది ఆ చోటు, ఆ పని. అప్పుడు మన కృతజ్ఞత ఒక విగ్రహం దగ్గర ఆగిపోకుండా రాళ్లెత్తినవాళ్ల దాకా, రాళ్లిచ్చిన కొండ దాకా వెళుతుంది.

ఆనకట్ట వచ్చాక ఊరి దశ మారింది, ఊహించినంతగా మాత్రం మారలేదు. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టా కాలువ విజ్జేశ్వరం దగ్గర బయల్దేరాయి. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించి నగరం సీమకు నీళ్లివ్వడానికి గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడెక్టు 1850ల మొదట్లోనే లేచింది. ఈ కాలువలు చేలకే కాదు, పడవలకూ దారులు. కాకినాడలో ఎక్కిన సరుకు ధవళేశ్వరం లాకులెక్కి, నది దాటి, విజ్జేశ్వరం లాకులు దిగి, ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, అక్కణ్ణుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా నీటి మీదే వెళ్లేది. లాకు దగ్గర పని ఒకప్పుడు చూడదగ్గది. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసుకునేవి, లస్కర్లు అడ్డకొయ్య పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ తూము తెరిచేవాళ్లు. నీరు బుసలు కొడుతూ దిగుతుంటే ధాన్యం బస్తాలతో నిండిన పడవ మెల్లగా కిందికి జారి, దిగువ కాలువ మట్టానికి వచ్చి ఆగేది. ముందు తలుపులు తెరుచుకోగానే గెడ వేసేవాళ్లు. ఆనకట్ట సామగ్రి కోసం పెట్టిన వర్క్‌షాపు లాకుల తలుపులు, ఇనుప పనిముట్లు తయారుచేసే చోటుగా, చుట్టుపక్కల పనివాళ్లకు బడిగా నిలిచింది.

అంత ఉండీ ఊరు నగరం ఎందుకు కాలేదంటే, మళ్లీ వెడల్పే. ఆనకట్టకు మంచిదైన వెడల్పు వంతెనకు పనికిరాదు. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గానికి గోదావరి దాటవలసి వచ్చినప్పుడు, నది ఇరుకుగా ఉన్న రాజమహేంద్రవరం దగ్గర దాటారు. 1900లో హేవలాక్ వంతెన మీద రైళ్లు నడిచాయి. రైలు వచ్చిన ఊరికి వ్యాపారం వచ్చింది, కాలేజీలు, కచేరీలు, తర్వాత సినిమాలు వచ్చాయి. రైలు తర్వాత లారీ వచ్చి పడవను ఒడ్డెక్కించింది, కాలువ రేవుల ఊరుగా ధవళేశ్వరానికి దక్కిన కళ కొంత తగ్గింది. నదిని ఆపే చోటు ఒకటి, నదిని దాటే చోటు ఒకటి. మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లు. ఆపినచోట పుట్టిన సంపద అక్కడ ఆగలేదు, కాలువల వెంట రామచంద్రపురానికి, అమలాపురానికి, భీమవరానికి, తణుకుకు వెళ్లిపోయింది. దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టులో సగానికి పైగా పశ్చిమ డెల్టాదే. 2011 జనాభా లెక్కల్లో ధవళేశ్వరం సుమారు 44 వేల మంది ఉన్న పట్టణం, రికార్డుల్లో ఇప్పటికీ రాజమహేంద్రవరం గ్రామీణ మండలంలోనిది.

కాటన్ కట్టించిన గోడ శతాబ్దానికి పైగా నిలిచింది. మధ్యలో ఎత్తు పెంచారు, పైన తలుపులు బిగించారు. పాతబడి బలహీనపడ్డాక 1970లో కొత్త బ్యారేజీ పని మొదలుపెట్టి 1982కు ముగించారు. దానికి కాటన్ పేరే పెట్టారు. ఇక్కడా చోటు మారలేదు, పాయలూ మారలేదు: ధవళేశ్వరం పాయ మీద 70 గేట్లు, ర్యాలి మీద 43, మద్దూరు మీద 23, విజ్జేశ్వరం మీద 39, మొత్తం 175. నాలుగేళ్లు తిరగకుండానే 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. మూడో హెచ్చరిక స్థాయికి అది రెండింతలు. బ్యారేజీ నిలబడింది, కింద గట్లు నిలబడలేదు, ఊళ్లకు ఊళ్లు మునిగాయి. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటినప్పుడు కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. బ్యారేజీ వరదను ఆపుతుందని చాలామంది అనుకుంటారు, అది అపోహ. అది నిల్వ చేసే జలాశయం కాదు, మట్టం లేపి మళ్లించే కట్టడం. వరద వస్తే గేట్లన్నీ ఎత్తి పక్కకు తప్పుకోవడమే దాని పని. చోటు తెలియకుండా కట్టడాన్ని మాత్రమే చూస్తే వచ్చే పొరపాటు ఇలాంటిదే.

ఇంకొక మాట కూడా వినాలి. ఆనకట్ట వల్ల మేలే తప్ప కీడు లేదా? ఉంది. సముద్రంలో వలసగా, నదిలోకి ఎదురెక్కాక పులసగా పేరు మార్చుకునే చేప, గుడ్లు పెట్టడానికి ఒకప్పుడు ఇంకా ఎంతో ఎగువకు వెళ్లేది. ఇప్పుడు ధవళేశ్వరం గోడ దగ్గర దాని దారి తెగిపోయింది. ఆనకట్టలు ఇలాంటి చేపల వలసకు అడ్డమని 1870ల్లోనే ఫ్రాన్సిస్ డే అనే మత్స్య శాఖాధికారి ప్రభుత్వానికి రాశాడు. కాలువ నీరందిన పల్లానికీ, అందని మెరకకూ మధ్య ఆస్తిలో, చదువులో, పలుకుబడిలో పెరిగిన దూరం ఇవాళ్టికీ తీరలేదు. ఎగువ మన్యంలో ఉన్నవాళ్లకు ఈ నీటి సంపదలో వాటా దాదాపు లేదు. డెల్టాలోనూ శివారు రైతుకు, ముఖ్యంగా దాళ్వాలో, అంటే రబీ పంటకు, నీరు వంతులవారీగానే అందుతుంది. గోదావరి వేసవి ప్రవాహం దాళ్వాకు చాలదు, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూడాలి. వానాకాలపు పంట సార్వాలో బాధ వేరు: మురుగు కాలువలు పూడి, పడిన వాన చేలలోనే నిలిచిపోతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా సాగు విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వాళ్లు చెప్పిన బాధల్లో ఈ మురుగు ఒకటి. నీరు తేవడం ఎంత పనో, తీయడం అంత పని. మొదటిదానికి కాటన్ దొరికాడు, రెండోదానికి అంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా లోతైన మార్పు కంటికి కనపడనిది. ఈ డెల్టా ఒండ్రుతో పుట్టింది, ఒండ్రుతోనే బతకాలి. కానీ ఎగువన మహారాష్ట్ర, తెలంగాణల్లో ఒకదాని తర్వాత ఒకటిగా జలాశయాలు లేచాక నది మోసుకొచ్చే మట్టి తగ్గిపోయింది. 1970ల్లో పోలవరం దగ్గర కొలిచిన దానితో పోలిస్తే 1990ల్లో వచ్చింది మూడో వంతుకు కాస్త ఎక్కువని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఒండ్రు రాని డెల్టా తన బరువుకు తానే కుంగుతుంది, అంచులను సముద్రం కొరుకుతుంది. అంతర్వేది దగ్గర అలలు ముందుకు రావడం, తీర గ్రామాల్లో బోరు నీరు ఉప్పబడటం మనం చూస్తున్నాం. ధవళేశ్వరానికి సుమారు 42 కిలోమీటర్ల ఎగువన పోలవరం డ్యాము పూర్తయితే దాళ్వాకు నీటి భరోసా పెరుగుతుంది. అది నిజమైన మేలు. కానీ మిగిలిన ఒండ్రులో ఎంత భాగం ఆ డ్యాము వెనక ఆగిపోతుంది, ఎంత దిగువకు వస్తుంది అన్న ప్రశ్నను నీటి వాటాల గురించి మాట్లాడినంత గట్టిగా మనం అడగడం లేదు. నీళ్లను టీఎంసీల్లో కొలుస్తాం, మట్టిని కొలవం. ధవళేశ్వరం కొండ పుట్టింది, కోనసీమ పుట్టింది ఆ మట్టితోనే అయినా.

ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అడుగున పగుళ్లిచ్చిన ఒండ్రు మీద పశువులు నడుస్తుంటాయి, లాకుల తలుపులకు పట్టిన నాచు ఎండి పొలుసులుగా రాలుతుంటుంది. జూన్ నెలలో అధికారులు, రైతులు తల తూముల దగ్గరకు చేరి, పసుపు, కుంకుమ, పూలు వేసి, కొబ్బరికాయ కొట్టి గేట్లు ఎత్తుతారు. మొదటి నీరు కాలువ అడుగున ఉన్న ఆకులను, పుల్లలను, దుమ్మును ముందుకు తోసుకుంటూ ఎర్రగా, నురగతో నడుస్తుంది. శివారు ఊళ్లకు అది చేరడానికి ఇంకా రోజులు పడుతుంది. ఆ నీటిలో ఇంకా కాస్త మట్టి ఉంది.